బోడిలో నేను ఎంచుకున్న గుణకారం

మా అమ్మ తమ్ముడు, మా మామ, బోడినాయకనూరు పైన కొండల్లో ఒక తోటలో ముప్పై ఏళ్లు ఏలకులు ఆరబెట్టాడు. కాయను రెండు వేళ్ల మధ్య నలిపి, ఆరబెట్టే గది తలుపు దగ్గర ముఖం పెట్టి, ఆవిరి కిటికీ ఎంత తెరవాలో చెప్పేవాడు. నేను మదురైలో మోటార్లు బాగుచేస్తూ, సొంతంగా ఫజీ లాజిక్ నేర్చుకున్నవాణ్ణి. ఆయన వేళ్లకు తెలిసినదాన్ని లెక్కలో పెట్టే మిషన్ చేస్తానన్నాను. "మా అల్లుడు చేస్తాడు, నాది పూచీ" అని తోట మొదలాళిని, అంటే యజమానిని, ఒప్పించింది మామే.

నియమం చిన్నది: కాయ తడిగా ఉండి, గది వేడిగా ఉంటే కిటికీ తెరువు. తడి ఎంతో, వేడి ఎంతో సున్నా నుంచి ఒకటి లోపల చెప్పాలి. ఆ రెండు సంఖ్యల్లో తక్కువదాన్ని తీసుకుని అంత మేరకు కిటికీ తెరవవచ్చు, లేదా రెంటినీ గుణించవచ్చు. తక్కువదాన్నే పట్టుకుంటే రెండోది పెరిగినా కిటికీ కదలదు. అది నాకు మొరటుగా తోచింది. గుణకారం పెట్టాను.

మామకు చెప్పి చూశాను.

"సగం తడి, సగం వేడి ఉంటే సగం తెరవాల గదరా అల్లుడా. నీ మిషను పావు భాగమే తెరుస్తానంటాది!"

"అది లెక్క మామా. మీకు తెలీదు."

"సరిప్పా. పాత పుస్తకాల అంగట్లో చదివిన పెద్ద చదువు నీది!" అని నవ్వేశాడు.

ఎన్నోసార్లు పరీక్షించాను. ప్రతిసారీ అప్పుడే కోసిన కాయ. తడి ఒకటి. ఒకటితో ఏది గుణించినా అదే వస్తుంది; తక్కువది తీసుకున్నా అదే వస్తుంది. తేడా బయటపడే చోటు నేను చూడనే లేదు.

ఒక రోజు వచ్చినవి సంచుల్లో రెండు రోజులు ఉండి వాడిన కాయలు. "మిషన్ చూసుకుంటుంది, ఇంటికి పోయి భోంచేసి రండి మామా" అన్నాను. కాయ లోపలుండగా ఆయన అక్కడినుంచి కదలడం అదే మొదలు. తడి 0.6, వేడి 0.6. నా లెక్కకు వచ్చింది 0.36. కిటికీ మూడో వంతు తెరుచుకుని అక్కడే నిలిచింది. ఆవిరి లోపలే ఉండిపోయింది. మామ తిరిగొచ్చేసరికి కాయ పచ్చదనం పోయి పాలిపోయింది.

మొదలాళి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే మామ, "నేనే కిటికీ మూసి మరిచిపోతిని" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"వయసైపోయింది, ఇంక రావద్దు" అన్నాడు మొదలాళి. ఆ సాయంత్రమే మిషన్ లెక్కలో ఒక్క వరుస మార్చాను, గుణకారం తీసి తక్కువది పెట్టాను. అప్పటినుంచి ప్రతిసారీ గదిలోంచి కాయ పచ్చగానే దిగింది. ఆ పేరు నాకొచ్చింది.

ఒకసారి, మొదలాళికి నిజం చెప్పేస్తానని చెప్పడానికి మామ ఇంటికి పోయాను.

"ఇప్పుడు కాయ బాగా దిగుతాందా?"

"దిగుతాంది మామా."

"అట్లైతే విడు. నీ పని చెడగొట్టుకోవద్దు."

విడిచాను. పోయిన నెల మామ చనిపోయాడు. మొదలాళి మాల వేసి నా పక్కన నిలబడ్డాడు. "మంచి మనిషి. చివర్లో మతిమరుపే చెడగొట్టింది" అన్నాడు.

నేను తల ఊపాను.