మూడో పేరు

బీపీ చూసే పట్టీని చేతి నుంచి విప్పినప్పుడు వచ్చే ఆ చర్రుమనే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ ఉదయం ఖమ్మంలో మా ఆఫీసు పక్క గదిలోంచి వినిపించింది. విమల మేడమ్ గుర్తొచ్చింది. ఆమెకు జరిగింది, నేను చేసింది, రెండూ గుర్తొచ్చాయి.

డిగ్రీ అయ్యాక జూలూరుపాడు నుంచి బూర్గంపాడు వచ్చి హైదరాబాద్ ప్రొఫెసర్ ఒకాయన నడిపే పరిశోధనలో ఉద్యోగానికి చేరాను. ముప్పై ఏళ్లు నిండని విమల మేడమ్ నా పై అధికారి. గుండెకు ముప్పు ఉందని తెలిసీ జనం బీపీ మాత్రలు ఎందుకు మానేస్తారో తెలుసుకోవడం ఆమె పని. అడవి పక్క గూడేలకు ఇద్దరం నా స్కూటీ మీద వెళ్లేవాళ్లం.

మొదటి వారంలోనే ముత్తయ్య అనే పెద్దాయన ఇంట్లో, చూరులో దోపిన మాత్రల అట్టలు కనిపించాయి. ఒక్కటీ విప్పలేదు. "మందు ఎందుకు మింగుతలేవు తాతా?" అని గద్దించాను. ఆయన తల వంచుకుని "మింగుతున్న బిడ్డా" అన్నాడు.

మేడమ్ నన్ను బయటికి పిలిచింది. "నువ్వేమన్న పోలీసువా? బెదిరిచ్చి అడిగితే ఎవలైనా అబద్ధమే చెప్తరు. ఆయనకు దినం ఎట్ల గడుస్తదో అడుగు."

లోపలికి వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. తునికాకు కోసే రోజుల్లో ఆయన తెల్లారకముందే అడవికి పోతాడట. "సిస్టరమ్మ పొద్దుగాల తిన్నంకనే గోలి మింగుమన్నది. నేను తినేది పొద్దు వాలినంక. మరి నేనేం చెయ్యాలె?" అన్నాడు. మేడమ్ చూరులోంచి ఒక అట్ట తీసి చూసింది. తర్వాత "తప్పు మాది తాతా" అంది. దవాఖానా డాక్టరుతో మాట్లాడి ఆయన మాత్రను సాయంత్రం తిండికి మార్పించింది. ఏడాదిపాటు ఇల్లిల్లూ తిరిగి అలాగే అడిగాం. మానేసినవాళ్లు చాలామంది మళ్లీ మొదలుపెట్టారు.

ఆ పనికి హైదరాబాద్‌లో యువ పరిశోధకుల పురస్కారం వచ్చింది. సంబరంగా వెళ్లాం. వేదిక మీదికి పిలిచింది మాత్రం మా ప్రొఫెసర్ శిష్యుణ్ని. ఒక్క గూడెం గడప తొక్కని మనిషి! అచ్చయిన వ్యాసంలో అతనిది మొదటి పేరు, ప్రొఫెసర్‌ది రెండోది, మేడమ్‌ది మూడోది.

భోజనాల దగ్గర మేడమ్ ప్రొఫెసర్‌కు ఎదురుగా నిలబడింది. "సార్, మీ శిష్యుణ్ని ఒక్క ఊరి పేరు చెప్పుమనుండ్రి."

ప్రొఫెసర్ చేతిలోని పళ్లెం కూడా దించలేదు. "నీ పేరు కూడా ఉంది కదమ్మా. చిన్నదానివి, ముందుముందు చాలా వస్తాయి."

"ఆయన నాకన్న చిన్నోడు సార్."

ప్రొఫెసర్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. అందరం కలిసి చేసిందే కదా?"

నా ఉద్యోగం పొడిగింపు కాగితం సంతకం కోసం ఆయన ఆఫీసు బల్ల మీద ఉంది. "అవ్ సార్" అన్నాను.

తిరుగు బస్సులో మేడమ్ నన్ను తిట్టలేదు. "ముత్తయ్య తాత ఎందుకు అబద్ధమాడిండో ఇప్పుడు సమజైందా?" అంది. అంతే. నన్ను ఉంచారు, ఆమెను తీసేశారు. మళ్లీ ఏ పరిశోధనలోనూ ఆమెకు చోటు దొరకలేదు. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. ఆ ప్రొఫెసర్ మీద నా కోపం చల్లారలేదు. నా మీద కోపం అసలే చల్లారలేదు.

ఏళ్లు గడిచి నేనూ పరిశోధకురాలినయ్యాను. పోయిన నెల అలాంటి పురస్కారానికే ఎంపిక కమిటీలో కూర్చున్నాను. ఒక దరఖాస్తులో ఊళ్లు తిరిగిందంతా దమ్మపేట అమ్మాయి. ఆమె పేరు ఆఖరి పేజీలో, కృతజ్ఞతల్లో ఉంది. దరఖాస్తు పెట్టినతన్ని ఊళ్ల పేర్లు అడిగాను. నీళ్లు నమిలాడు. "ఎందుకు మేడమ్ ఈ రచ్చ?" అన్నాడు అధ్యక్షుడు. సంతకం పెట్టనని లేచాను. ఎంపిక ఆగింది.

ఆ సాయంత్రం విమల మేడమ్‌కు ఫోన్ చేసి గర్వంగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఆ పిల్లను కలిసినవా?" అంది.

కలవలేదు. ఆ ఆలోచనే రాలేదు. మర్నాడు దమ్మపేట బస్సెక్కాను. ఆ అమ్మాయి నన్ను చూసి బెదిరిపోయి లేచి నిలబడింది. నేను వెంట తెచ్చిన దరఖాస్తు కాగితాలు బయటికి తీయలేదు. ఆమె పక్కన కూర్చుని, దినం ఎట్ల గడుస్తదని అడిగాను.