మెట్ల పాట వచ్చినప్పుడు లైవ్ ఎందుకు ఆగుతుంది

మన ఆరాధనను ఫోనులో లైవ్ చూసే సహోదరులారా, సహోదరీలారా, మీలో ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పలేక మన సంఘ పత్రికలో రాస్తున్నాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం అయ్యాక ఆరేడు నిమిషాలు మీ ఫోనులో బొమ్మ ఆగిపోతుంది కదా, అది నెట్ సమస్య కాదు, మా బోరబండలో కరెంటు పోవడమూ కాదు, మీ రీఛార్జ్ అయిపోవడమూ కాదు. అది నా వల్ల ఆగుతోంది. దేవుడు నన్ను విడిపించాడని సాక్ష్యం చెప్పమని పాస్టరయ్యగారు అడిగారు, చెబుతాను, కానీ ముందే ఒక మాట, ఇందులో నాకు అర్థమైనది తక్కువ, కానిది ఎక్కువ!

నేను పద్నాలుగేళ్లుగా ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో ట్రాక్ పాడుతున్నాను. ట్రాక్ అంటే, సినిమా పాట తయారయ్యేటప్పుడు ముందుగా నాలాంటి వాళ్ల చేత పాడిస్తారు, దాని మీద పని అంతా జరుపుకుంటారు, చివరికి పేరున్న గాయని వచ్చి పాడాక నా గొంతు తీసేస్తారు. అలా నా గొంతు ఎన్ని పాటల్లోంచి పోయిందో లెక్కే లేదు. ఒక్కదాంట్లోనైనా ఉంచు ప్రభువా అని ఏడ్చి ప్రార్థించేదాన్ని. అందుకే జూబ్లీ హిల్స్‌లోని ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్లు పిలిచి, అద్దాల గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "మీ గొంతుకు సొంత పేరుండాలి మేడం" అన్నప్పుడు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. నాతో కొన్ని పాటలు చేయిస్తారట, అడ్వాన్స్ ఇస్తారట, పాటల మీద వచ్చేదాంట్లో నాకూ వాటా ఉంటుందట. చేతిలో అగ్రిమెంటు పెట్టారు, దొడ్డు కాగితాలు, అంతా ఇంగ్లీషు.

ఆ కాగితాలను నేను ఏం చేశానో తెలుసా? తిన్నగా మందిరానికి తెచ్చాను. పాస్టరయ్యగారు వాటిని ప్రభువు బల్ల మీద పెట్టి, నూనె రాసి, సంఘమంతా వచ్చి చేతులుంచితే అరగంటకు పైగా ప్రార్థన చేశాం. ఎంత అభిషేకం! కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. అందరం చేతులుంచాం గానీ, సహోదరులారా, ఒక్కరం కూడా చదవలేదు! మా ఆయన జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమా వాళ్ల ఇంట్లో డ్రైవరు, నాలుగూళ్ల మనుషుల్ని చూసినవాడు, "ఎవరైనా వకీలు చేత ఒకసారి చదివిద్దామే" అన్నాడు పాపం. "నీకు విశ్వాసం లేదా?" అని కయ్యిమన్నాను. ఇంకా వినండి, నేను సంతకం పెట్టవలసిన పేజీ ఇరవైమూడు. యెహోవా నా కాపరి అని మొదలయ్యే ఇరవైమూడో కీర్తన! ఇంతకన్నా సూచన ఏం కావాలి అనుకుని, హల్లెలూయా అని పెన్ను తీశాను. నూనె మరక చూసి ఆఫీసులో అమ్మాయి "ఇదేంటి మేడం, బజ్జీలు తిన్నారా?" అంది. నేను నవ్వి సంతకం పెట్టాను.

పాటలు చేశాం. అందులో ఒకటి బాగా నడిచింది, ఆటోల్లో వినిపించింది, మా వీధి కిరాణా షాపులోనూ పెట్టారు. అడ్వాన్స్ ఏనాడో మా బాబు స్కూలు ఫీజుకీ ఇంటి బాకీలకీ అయిపోయింది, ఇక వాటా వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆర్నెల్లకు కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది. నా వాటా ఇంత అని ఒక అంకె ఉంది, దాని కింద అడ్వాన్స్ తీసివేత, స్టూడియో ఖర్చు తీసివేత, వీడియో, మేకప్, ప్రచారం అన్నీ తీసివేత, అట్టడుగున నేనే వాళ్లకు బాకీ! ఆ తర్వాత ప్రతి ఆర్నెల్లకూ ఒకటి వచ్చింది, ప్రతిసారీ ప్రచారం ఖర్చు పెరిగి బాకీ ఇంకా పెద్దదయింది. పాట నడిచిన కొద్దీ పాడిన మనిషికి అప్పు పెరగడం ఏంటి తండ్రీ? నా లెక్క తప్పా, వాళ్ల లెక్క తప్పా, లేక రహస్య పాపమేదైనా ఉండి ఆశీర్వాదం అడ్డుకుంటోందా? ఉపవాసాలు ఉన్నాను. జ్ఞాపకం వచ్చిన పాపాలన్నీ ఒప్పుకున్నాను, జ్ఞాపకం రానివి కూడా ఒప్పుకున్నాను. కాగితం మాత్రం అలాగే ఉంది!

ఆఫీసుకు వెళ్లి అడిగితే లెక్కలు చూసే అబ్బాయి మర్యాదగానే "బ్యాలెన్స్ క్లియర్ అయితే మిమ్మల్ని రిలీజ్ చేస్తారు మేడం" అన్నాడు. రిలీజ్ ఎందుకంటే, ఆ ఒప్పందం ఉన్నన్నాళ్లూ నేను బయట ఎవరికీ పాడకూడదు, ట్రాక్ కూడా పాడకూడదు. స్టూడియోల నుంచి ఫోన్లు వస్తే కాదనీ కాదనీ చివరికి ఫోన్లే రావడం మానేశాయి. పాడితేనే ఇల్లు గడిచే మనిషి నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. మా అమ్మ చనిపోయేముందు నా చేతికి తొడిగిన రెండు బంగారు గాజులున్నాయి. అవి అమ్మి కంపెనీకి కట్టేద్దామని నిశ్చయించుకున్నాను.

అంతలో వచ్చింది ఆ ఆదివారం. మన సంఘంలో మెట్ల పాట అంటామే, అది నేను కట్టిన పాటే. నా రెండో బిడ్డ కడుపులోనే పోయిన ఏడాది, కింద కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుని మా గుట్ట మీది వీధి మెట్లు, మన మందిరానికి వచ్చే ఆ మెట్లే, ఎక్కుతూ, ఒక్కో మెట్టుకు ఒక్కో మాట చొప్పున ఏడుస్తూ కట్టుకున్నాను. దాన్ని ఎవరికీ అమ్మలేదు, ఏ సినిమాకూ ఇవ్వలేదు. ఆ రోజు నేను దాన్ని పాడుతుండగానే మన లైవ్ ఆగిపోయింది, ఈ పాట వేరొకరి సొత్తు అని తెర మీద పడింది. నా పాట, నా నోట, నా మందిరంలో! పాస్టరయ్యగారు ఇది సాతాను క్రియ అన్నారు, అందరం లేచి నిలబడి సాతానును గట్టిగా గద్దించాం. అయినా లైవ్ రాలేదు.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మళ్లీ ఆ కాగితాలూ, గాజులూ తెచ్చి బల్ల మీద పెట్టాను. పాస్టరయ్యగారు నూనె సీసా తీశారు. అప్పుడు మన రూతమ్మక్క, జూబ్లీ హిల్స్‌లో ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో వంట చేసే రూతమ్మక్క, అక్షరం ముక్క రాని మనిషి, "ఆగుండ్రి అయ్యగారూ!" అంది. "జర చదువుండ్రి, గండ్ల ఏం రాసిన్రో విందాం. ప్రార్థనకు ముందు బైబిల్ చదువుతం గదా, మరి దీన్ని చదవకుండనే నూనె రాసినమా?"

పాస్టరయ్యగారు సీసా మూత పెట్టేశారు. నా ముఖం మాడిపోయింది, అయినా చదవడం మొదలుపెట్టాను. నాది డిగ్రీ చదువే గానీ వకీళ్ల ఇంగ్లీషు కదా, ఒక్కో వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం, సగం నాకే అర్థం కాక మళ్లీ చదవడం. బాకీని పాటల మీద వచ్చే రాబడిలోంచి మాత్రమే పట్టుకుంటారు అన్న చోటికి వచ్చేసరికి రూతమ్మక్క నన్ను ఆపింది.

"ఇంతేనా? నేను గూడ మా అమ్మగారి తాన అడ్వాన్స్ తీసుకుంట. నెలనెలా జీతంల కోసుకుంటది, అంతే. నీ గాజులు అమ్మి కట్టుమని ఎన్నడన్న అన్నదా? నీది పాటలకెల్లి కోసుకుంటమని ఆళ్లే రాసిన్రు. మరి నువ్వు గాజులెందుకు తెచ్చినవ్ పిల్లా?"

ఆ వాక్యం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ అదే ఉంది. కింద పేజీలో ఇంకొకటి ఉంది, ఈ ఒప్పందం మూడేళ్లు, లేదా బాకీ తీరేవరకు, ఏది ముందైతే అది. మూడేళ్లు పోయిన ఈస్టర్‌కే నిండాయి! అంటే ఏడు నెలలుగా నన్ను ఎవరూ కట్టేయలేదు, తలుపు తీసే ఉంది, నేనే లోపల కూర్చుని తలుపు తెరువు ప్రభువా అని ఉపవాసాలుంటున్నాను! నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, మా ఆయన వైపు చూడడానికి సిగ్గేసింది. ఆయన బల్ల మీది గాజులు తీసి నా చేతికి తొడిగాడు.

అక్కడితో ఆపేస్తే ఇది మంచి సాక్ష్యం అయ్యేది. కానీ ఇంకో పేజీ మిగిలింది. ఇంతకుముందు మీరు సొంతంగా కట్టిన పాటలు అని ఒక పట్టిక ఉంది, అందులోవన్నీ శాశ్వతంగా కంపెనీకి చెందుతాయని పైన రాసుంది. పట్టికలో ఒకే ఒక్క పేరు. మెట్ల పాట! నా చేతిరాత! ఆ రోజు అద్దాల గదిలో మీ పాటలేమైనా ఉన్నాయా అని అడిగితే గొప్పకు పోయి గుండ్రంగా రాసిచ్చాను, పక్కనే నూనె మరక కూడా ఉంది. సాతానును ఎంత గద్దించాం సహోదరులారా, రాసింది నేను!

సంఘ పెద్ద ఒకరు తనకు తెలిసిన వకీలుకు చూపించారు. బాకీ చేతినుంచి కట్టక్కర్లేదు, గడువు అయిపోయింది, బయట పాడుకోవచ్చు, అంతా రూతమ్మక్క చెప్పినట్టే అన్నాడు. మెట్ల పాటను మాత్రం కంపెనీ ఈమధ్యే తన పేర నెట్‌లో నమోదు చేయించిందట, అది తిరిగి రావడం కష్టమన్నాడు. ఆరాధనలో పాడుకుంటే ఎవరూ కాదనరట, నెట్‌లో పెడితే మాత్రం ఆపేస్తారట. కంపెనీ అబ్బాయిని అడిగితే "కట్టమని మేము అనలేదు కదా మేడం, బ్యాలెన్స్ ఉందని చెప్పాం" అన్నాడు. నిజమే, అనలేదు. మరి నేను ఏం విన్నాను? ఇప్పటికీ నాకు తెలియడం లేదు.

మళ్లీ ఫిల్మ్‌నగర్‌లో ట్రాక్ పాడుతున్నాను, మళ్లీ నా గొంతు తీసేస్తున్నారు, ఇల్లు గడుస్తోంది, దేవునికే మహిమ! కానీ రోజూ అడుగుతున్నాను, "ప్రభువా, అప్పులోంచి విడిపించావు సరే, ఆ పాట ఎందుకు పోనిచ్చావు? నా బిడ్డ కోసం ఏడ్చి కట్టుకున్న పాట కదయ్యా! ఆ ఇరవైమూడో పేజీ నువ్వు చూపించిందా, నేను చూసుకున్నదా?" ఆయన జవాబు చెప్పలేదు.

ఒక్క సంగతి మాత్రం జరిగింది. మన సంఘంలో అక్క ఒకామె బంజారా హిల్స్ ఆసుపత్రిలో ఉండి ఫోనులో ఆరాధన చూస్తూ, ఆ పాట ఒక్కటే రావడం లేదని ఏడ్చిందట. రూతమ్మక్క ఊరుకుంటుందా? మర్నాడే నలుగురు ఆడవాళ్లను పోగుచేసి నన్ను లాక్కెళ్లింది. మంచం చుట్టూ నిలబడి గొంతు తగ్గించి పాడాం. నర్సమ్మ కోప్పడడానికి వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయి, పాట అయ్యేవరకు కదల్లేదు. ఆ అక్క నా చెయ్యి పట్టుకుని రెండోసారి పాడించుకుంది. ఇన్నేళ్లు లైవ్‌లో పాడాను గానీ, వినేవాళ్ల చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు.

కాబట్టి ప్రియమైనవారలారా, కాగితం బల్ల మీద పెట్టే ముందు చదవండి, చదవడం అవిశ్వాసం కాదు. చదివాక కూడా అర్థం కాకపోతే, నాలాగే అర్థం కాకుండానే ఆయన్ను పట్టుకుని ఉండండి, ఆయన మిమ్మల్ని వదలడు, నన్ను వదల్లేదు. ఆదివారం ప్రభువు బల్ల అయ్యాక మీ ఫోనులో బొమ్మ ఆగిపోతే చిన్నబుచ్చుకోకండి, అప్పుడే ఇక్కడ మేము లేచి నిలబడి పాడుతున్నాం. ఆ పాట వినాలంటే బోరబండ మెట్లు ఎక్కి రండి. ఎక్కలేకపోతే కబురు పెట్టండి, మేమే దిగి వస్తాం.