మోకాలికి అంటిన ఎర్రమట్టి

ఈ సంగతి మా ఇంట్లో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. కాడుగోడిలో ఉన్న మా బావకు మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. నా ఈడువాళ్ళయినా వింటారని ఈ పత్రికకు రాస్తున్నాను.

పోయిన వారం కాళ్ళనొప్పికని బొమ్మనహళ్ళిలో మా ఇంటి పక్క ఫిజియోథెరపీకి వెళితే, అక్కడి అమ్మాయి నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాలు పైకెత్తి సాగదీసింది. తొడ గడగడ వణికింది. సిగ్గేసి కాలు లాక్కోబోతే ఆమె వదల్లేదు. కండను అలవాటుకు మించి సాగదీస్తే, తెగిపోకుండా అది తనను తాను వెనక్కి లాక్కుంటుందట; మనం సాగదీయడం, అది లాక్కోవడం, ఆ పెనుగులాటే వణుకట. భయానికి కాదా అని అడిగాను.

"భయమెందుకు తాతా, బాగా సాగినందుకే వణుకుతా ఉండాది" అంది.

ఆ మాట కోసం అరవై ఏళ్ళకు పైగా కాచుకుని ఉన్నాను.

నలభైల్లో, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మా నేతగాళ్ళ పేటలో మా మేనమామకు కుస్తీలు నేర్పే గరిడీ ఉండేది. నేను పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని చీరలు నేసి, సాయంత్రం కాగానే నూనె, మజ్జిగ, పసుపు కలిపి తొక్కిన ఆ ఎర్రమట్టిలోకి దిగేవాణ్ణి. దసరా కుస్తీకి గరిడీ తరఫున ఒక్కణ్ణే పంపేవారు. ఆ ఏడు నేనా, మామ కొడుకైన మా బావా అనే దాకా వచ్చింది. మట్టిలో నేనే ఆయన్ను ఎక్కువసార్లు పడగొట్టాను.

మామకు ఒక పద్ధతి ఉండేది. పోటీకి ముందు, పొద్దున్నే స్నానం చేసి వచ్చినవాణ్ణి ఆ మట్టి మీదే ఒక కాలు ముందుకు మడిచి, రెండోది మోకాలు నేలకు ఆనకుండా వీలైనంత వెనక్కి చాచి నిలబడమని, ముందు తొడ మీద నిండు లోటా పెట్టేవాడు. నీళ్ళు తొణికితే లోపల భయం ఉన్నట్టు. నేను చాచగలిగినంతా చాచాను. నీళ్ళు తొణికాయి.

బిగువైన పడుగు పోగు వేలు తగిలితే చాలు వణుకుతుందనీ, వదులు పోగే కదలక పడి ఉంటుందనీ మామకు చెప్పి చూశాను.

"మగ్గం సంగతి మగ్గం కాడ చెప్పుకో అప్పా. నీళ్ళు అబద్ధం చెప్తాయా?" అన్నాడు.

బావ లోటా కదల్లేదు. మామ కళ్ళు లోటా మీదే ఉన్నాయి గాని, బావ లేచినప్పుడు ఆయన వెనక మోకాలికి గుండ్రంగా ఎర్రమట్టి అంటుకుని ఉండటం నేను చూశాను. అరచేత్తో తుడిచేసుకున్నాడు. దసరాకు వెళ్ళి గెలిచి బహుమతి తలపాగాతో వచ్చాడు. గెలిచినవాడి మోకాలి మాట ఎవరికి కావాలి? నాకు మాత్రం అదురప్ప అనే పేరు మిగిలింది. మళ్ళీ గరిడీ గడప తొక్కలేదు.

ఆ పొద్దున నాకు భయం లేదని చెప్పను. కొంచెం ఉండింది. కాని ఆ తరువాత పెళ్ళిలో తాళి కడుతుండగా వేళ్ళు వణికినా, బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు చేతులు వణికినా, మామ అన్నది నిజమే కాబోలని తల దించుకుంటూ బతికాను.

ఇప్పుడు గరిడీ చోట స్కూటర్లు నిలుపుతున్నారు, మట్టి మీద సిమెంటు పోశారు. మామ లేడు. అదురప్పా అని పిలిచి నవ్వేవాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ పిలుపు వినబడకపోతే వెలితిగా ఉంటుందని నేను అనుకోలేదు. ఆ లోటాను చూసినవాళ్ళలో మిగిలింది బావా నేనూ ఇద్దరమే.

బావా, తలపాగా నీ దగ్గరే ఉంచుకో. స్నానం చేసి వచ్చిన మోకాలికి మట్టి ఎట్లా అంటిందో, అది ఒక్కటి చెప్పు.