పట్టుదారం ఒప్పుకున్న కండె

మొన్న మనవడి వర్క్‌షాపుకి వెళ్తే, లేతు మిషనుకి బిగించే కోత టూలు ముక్కలు డబ్బాలో పేర్చి ఉన్నవి చూపించి, మొద్దుబారితే పారేసి కొత్తది పెడతామన్నాడు. నూరడమన్న మాటే లేదట. అది విన్న దగ్గర్నుంచి బరంపురంలో నా పెళ్లయిన మొదటి ఏడు ఒకటే గుర్తుకొస్తోంది.

అప్పట్లో నేను బస్టాండు దగ్గరి షెడ్డులో లేతు మీద పనిచేసే టర్నర్ని. దిగపహండి బస్సు టాపు మీద వచ్చే చెరుకు గానుగ ఇరుసులన్నీ నా చేతి మీదుగానే పోయేవి కాబట్టి పొగరుకి కొదవ లేదు. మామగారిది పట్టు మగ్గం. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం చుట్టుకునే చెక్క కండెలు పగిలిపోయి, అవి చేసే ముసలాయన కాలం చేసి, ఒక పెళ్లికూతురి చీర మగ్గం మీద సగంలో ఆగింది. ముహూర్తం పది రోజుల్లో ఉంది. ఇనుమునే చెక్కేవాణ్ణి, అంకుడు కర్ర ఒక లెక్కా అని అందరి ముందూ మాటిచ్చేశాను.

ఇత్తడికి వాడే టూలే బిగించాను. చెక్క పీచు లేచింది. ఇనుముకి మెరుగు పెట్టే గరుకు ఎమిరీ గుడ్డతో రుద్ది అద్దంలా మెరిపించి పంపితే, పట్టుదారం జానకొకసారి పుటుక్కున తెగింది. "ఏటి బాబూ, ఇనప పనోడివని తెలిసీ నీకిచ్చినాను, తప్పు నాదే" అన్నారు మామగారు, నవ్వుతూనే. నాకు తల కొట్టేసినట్టయింది.

చిన్నప్పట్నుంచీ దారం చుట్టిన నా భార్య మాత్రం కండె మీద వేలు అటూ ఇటూ పోనిచ్చి, "కంటికి నున్నగుంటే సాలదండీ, పట్టుకి నున్నగుండాల" అంది. ఎమిరీ రజను చెక్కలో ఇరుక్కుని దారాన్ని కోసేస్తోందని అప్పుడు తెలిసింది. చెక్కకి నునుపు రుద్దితే రాదు, కోతలోనే రావాలి. కొత్త టూలు తీసి, పైభాగం బాగా వాలుగా దించి, ముంజేతి వెంట్రుకలు తెగేదాకా అంచు నూరాను. లేతుని గిర్రున తిప్పి పలచగా కోస్తే, చెక్క పొడిలా రాలకుండా ఉల్లిపొరలా విచ్చుకుంది. ఆమె వేలు ఒప్పుకున్న కండె మాత్రమే మగ్గానికి వెళ్లింది. ముహూర్తానికి ముందురోజు చీర మగ్గం దిగింది. ఆ తర్వాత మామగారి వీధి మగ్గాల కండెలన్నీ నావే, ఆ గర్వం ఇప్పటికీ దాచుకోను.

మొన్న మనవడు లేతు మీద ఒక చెక్క పిడి తిప్పి నా చేతికిచ్చాడు. అద్దంలా ఉంది. నా భార్య పోయి మూడేళ్లయింది. ఆమెలాగే నేనూ దానిమీద వేలు అటూ ఇటూ పోనిచ్చాను. అది కంటికి మాత్రమే నున్నగుందో, నిజంగానే నున్నగుందో నాకేమీ తెలియలేదు.