ఏవండీ, ముక్కు!

మా ఆయన ముక్కు సంగతి నాకు తెలిసినంతగా ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదని చాలా ఏళ్ళు ధీమాగా బతికాను. నవ్వకండి. సూరత్‌లో లూమ్, అదే మరమగ్గం, నడిపేవాడి పెళ్ళాన్ని ఎవరినైనా అడగండి, చెబుతుంది. రోజంతా దారాల పొట్టు ముక్కులో దూరుతుంటే చెయ్యి దానంతట అదే లేచి ముక్కు దగ్గరికి పోతుంది. లూమ్ ఆగినా ఆ చెయ్యి ఆగదు. అన్నం తింటున్నా లేస్తుంది, పెళ్ళిపందిట్లో కూర్చున్నా లేస్తుంది. "ముక్కు!" అని నేను అరిస్తే గానీ దిగదు. ఆ అరిచే హక్కు నాది.

కరోనా వచ్చి లూమ్ షెడ్లన్నిటికీ తాళాలు పడ్డాయి. పర్వత్ పాటియాలో మా గల్లీవాళ్ళు సగం మంది మూటలు కట్టుకుని తెలంగాణలోని సొంతూళ్ళకు పోయారు. మేం పోలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డుబాయ్‌లు కావాలంటే మా ఆయన చేరాడు. అదీ కరోనా వార్డులో. మొదట్లో ఏడ్చి మొత్తుకున్నాను. తర్వాత అలవాటు పడ్డాను. ఇంటికి రాగానే బయటే స్నానం, వేరే పడక, వేరే కంచం, అన్నిటికీ అలవాటు పడ్డాను. అలవాటు పడలేకపోయింది సిస్టర్‌కు.

వార్డులో ఒంటికి వేసుకునే తెల్ల కిట్టు తొడుక్కోవడం కంటే విప్పడమే ప్రమాదమట. కిట్టు మీద ఉన్న రోగం చేతికి, చేతి నుంచి మొహానికి అంటుకుంటుందట. అందుకని ఒకరు విప్పుతుంటే ఇంకొకరు కాస్త దూరంలో నిలబడి చూడాలి. ఏది ముందు తియ్యాలో, ఏది తర్వాతో చెబుతూ ఉండాలి. మా ఆయనకు అలా జోడీగా పడింది ఒక నర్సు. ఆంధ్రా వైపు పిల్ల. నేను చెప్పిన సిస్టర్ ఆ పిల్లే.

ఇక మా ఇంట్లో రోజూ అదే భజన. "సిస్టర్ చెప్పింది, సబ్బు గిట్ల వేళ్ళ నడుమ రుద్దాలె." "సిస్టర్ చెప్పింది, కిటికీ మూయొద్దు, గాలి ఆడాలె." పెళ్ళయినప్పటి నుంచీ చేతులు కడుక్కొమ్మని నేను మొత్తుకుంటే చెవిన వేసుకోని మనిషి!

"నేను చెప్తే ఇనకపోతివి, గామె చెప్తే మస్తు ఇంటున్నవ్!" అన్నాను.

"గామె చదువుకున్నది గద" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని ఆసుపత్రి వెనక సందులోకి వెళ్ళేదాన్ని. కిట్లు విప్పే గది ఆ సందు వైపే ఉంది. గాలి కోసం కిటికీ తెరిచే ఉంచేవారు. ఒకరోజు గోడ ఇవతల నుంచి చూశాను. మా ఆయన బొమ్మలా నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఆ పిల్ల, మొహానికి మాస్కు, పైన రెండు పెద్ద కళ్ళు. "తొందరేం లేదండీ. ఇప్పుడు గ్లౌజులు. లోపలివైపు బయటికి వచ్చేలా తీయండి. చేతులకు మందు రాసుకోండి. మాస్కు చివర్న, వెనక లాస్టిక్ పట్టుకుని." ఆ కళ్ళు మా ఆయన మీద నుంచి రెప్ప వాల్చితే ఒట్టు! నేనైనా అంతసేపు ఆయన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో. అంతలో ఆయన చెయ్యి లేచింది.

"ఏవండీ, ముక్కు!"

చెయ్యి టక్కున దిగిపోయింది. ఆ పిల్ల నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఏవండీ అట! వాళ్ళ వైపు ఎవరినైనా అలాగే పిలుస్తారని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం మంట తగ్గుతుందా? ఏవండీ అన్నందుకు కూడా కాదు నా ఏడుపు. ఆ ముక్కు నాది. ఆ కేక నాది. నా సంసారంలో నాదంటూ మిగిలిన ఒక్క ముచ్చట ఆమె చేతిలోకి పోయింది. డబ్బా వాచ్‌మన్‌కు ఇచ్చేసి పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం ఇల్లు పీకి పందిరేశాను. "జోడీ మార్చుకుంటవా, నన్ను ఊరికి పొమ్మంటవా?"

"ఏందే నీ లొల్లి! ఆమె చూసేది నన్ను కాదు, నా చేతుల్ని" అన్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను. చివరికి విసిగిపోయి డ్యూటీ టైములు కుదరట్లేదని చెప్పి జోడీ మార్పించుకున్నాడు. కొత్త జోడీ ఎవరో మగమనిషి. నేను పండగ చేసుకున్నాను. సర్వపిండి చేసి పెట్టాను.

తర్వాత ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, గడప అవతల కూర్చుని నవ్వుతూ చెప్పాడు. "ఇయ్యాల ఏమైందో ఎరికేనా? మాస్కు ముందుగాల్నే తీసిన. ముక్కు గోక్కున్నంక జూస్తే గ్లౌజులు ఇంక చేతులకే ఉన్నయ్!"

"మరి నీ ఎదురుంగ ఉన్నోడు ఏం జేస్తున్నడు?"

"ఫోన్ల వీడియో జూస్తున్నడు."

ఆయన ఇంకా నవ్వుతున్నాడు. వార్డులోంచి రోజూ ఎవరినో ఒకరిని గుడ్డ చుట్టి బయటికి తెచ్చేది ఈయనే, ఆ చేతులతోనే. ఆ రోజు మొదలు ఆయన దగ్గినా, నీళ్ళు పొరబోయినా పరుగెత్తుకెళ్ళి నుదురు ముట్టుకోబోయేదాన్ని. "దూరం!" అని అరిచేవాడు. ఇంట్లో ఎంత అరిచినా నా కేక ఆ గదిలోకి పోదు కదా. ఏదో నా అదృష్టం బాగుండి జ్వరం రాలేదు. కానీ అదృష్టం రోజూ డ్యూటీకి వస్తుందా?

చివరికి ఆసుపత్రి వెనక సందులోకి వెళ్ళాను. కిటికీ దగ్గర ఆ పిల్లే ఉంది. గోడ ఇవతల నుంచే పిలిచి, నేను ఎవరో చెప్పాను.

"అయ్యో, అక్కా! నేను గట్టిగా అరుస్తున్నానని ఆయనకు కోపమొచ్చి జోడీ మార్చుకున్నారేమో అనుకున్నాను" అంది.

"ఆయనకు గాదు. నాకొచ్చింది. నేనే మార్పించిన."

"మీరా! ఎందుకక్కా?"

"నువ్వు ఆయన్ని జూస్తుంటే నాకు కడుపుల మండింది, గందుకు."

ఆ పిల్ల కళ్ళు ఇంతింత అయ్యాయి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "చూడకపోతే ఎలాగక్కా?" అంది.

"అదే చెప్పొచ్చిన. మల్ల నువ్వే జూడు సిస్టర్. కండ్లు తిప్పకుంట జూడు. గానీ నవ్వకు."

వారం తిరక్కుండా జోడీ మళ్ళీ మారింది. డబ్బా పట్టుకుని సందులో నిలబడ్డాను. కిటికీలోంచి కేక వినపడింది.

"ఏవండీ, ముక్కు!"

కడుపు భగ్గున మండింది. ఇంకాస్త గట్టిగా అరవవే తల్లీ, అనుకున్నాను.