గుహలో పిలిచిన పేరు

గుడియాత్తంలో రైలెక్కి మదరాసు పోయి, అక్కడ బండి కట్టించుకొని సముద్రం చూడబోయాం, నేనూ మా ఆయనా పిల్లలిద్దరూ. ఒడ్డున ఒక రాతిగుహ ఉంది. అరిస్తే మారుపలుకుతుందని పిల్లలు ఒకటే గోల.

గుహ ముందర కూర్చున్న బెస్త ముసలామె అరవం కలిసిన తెలుగులో, "రవ్వంతసేపు ఉండండి నాయనా, నేను పిలుచుకుంటా" అని, లోపలికి తిరిగి "మునుసామీ!" అని కేకేసింది. గుహ కూడా ఆ పేరే పిలిచింది.

"కొడుకామ్మా?" అన్నాను.

"మొగుడు. సముద్రంలో పోయినాడు."

నోరు నొక్కుకున్నాను. మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా పెద్దల మాట.

"సముద్రం తీసుకున్నోళ్లని మేము ఈడికొచ్చి పేరు పెట్టి పిలుస్తాము. ఆయన ఉండినన్నాళ్లూ నేనూ నీ మాదిరే నోరు మూసుకోనుంటిని" అంది.

మా ఆయన నవ్వి, "ఏమే, నువ్వూ నన్నొకసారి పిలువు, వింటాను" అన్నాడు.

"చాల్లే! పిల్లోళ్ల ముందర ఏం మాటలవి?" అని కసిరాను.

ఆ ఏడే జ్వరమొచ్చి ఆయన పోయాడు. ఇప్పుడు ఎన్నిసార్లు పిలిచినా అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఆ రోజు పిలిచి ఉంటే, పలికేవాడు.