మైమున్ ఖాలా, మా టైగర్ మొరుగుడు

నిన్న సాయంత్రం చారుకు పోపు వేస్తుంటే వెనక సందులో ఎవరిదో కుక్కపిల్ల కీచుగా మొరగడం మొదలుపెట్టింది. అది ఆకలి మొరుగుడు కాదు, దొంగను చూసిన మొరుగుడూ కాదు. నన్ను చూడండి, నన్నే చూడండి అనే మొరుగుడు. ముసలిదైపోయిన మా టైగర్ గుమ్మంలో పడుకుని తోక కూడా కదపలేదు. నేను మాత్రం గరిటతో సహా ఠక్కున గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పోపు మాడిన వాసన ముక్కుకు తగిలాక గానీ నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. మైమున్ ఖాలా చూసి ఉంటే పడీపడీ నవ్వేది.

పదేళ్ళ కిందట నస్పూర్‌లో ఆమె మా పక్కింటావిడ, అందరికీ ఖాలా, అంటే చిన్నమ్మ. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో ఆయాగా చేసింది. వాడకట్టులో సగం మంది ముక్కులు ఆమె చేత తుడిపించుకున్నవాళ్ళే. మావారు దుబాయ్‌లో ఉండేవారు. ఇంట్లో మగదిక్కు లేదని ఆయన ఫోన్లో పోరుపెడితే, మా బాపు ఒక కుక్కపిల్లను తెచ్చిచ్చాడు. రెండు దోసిళ్ళలో పట్టేంత ఉన్నదానికి టైగర్ అని పేరు పెట్టాం. నేను ఫోన్ పట్టుకుంటే చాలు, అది మొరుగుడు అందుకునేది. ఒక బిస్కెట్ విసిరితే రెండు నిమిషాలు ఊరుకుని మళ్ళీ మొదలు. దానికి తోడు నాలుగేళ్ళ చిన్నోడు "అవ్వా, అవ్వా" అని నా కొంగు పట్టుకుని రాగం తీసేవాడు. ఎనిమిదేళ్ళ నా కూతురు సిరి ఒక్కతే మూలన పుస్తకం పెట్టుకుని కూర్చునేది. "అది బంగారం. దాంతోని నాకు ఏ పరేషాన్ లేదు" అని మావారికి మురిసిపోతూ చెప్పేదాన్ని.

ఒకరోజు ఖాలా పిట్టగోడ అవతలి నుంచి అడిగింది. "బిడ్డా, నువ్వు గా కుక్కకు నేర్పుతున్నవా, అది నీకు నేర్పుతున్నదా?"

"అదేంది ఖాలా?"

"అది మొరుగుతది, నువ్వు బిస్కెట్ పట్టుకొని ఉరుకుతవు. ఎవల మాట ఎవలు ఇంటున్నరు?"

డిగ్రీ చదివినదాన్ని, దోసెడు కుక్కపిల్ల నన్ను మూడు నెలలుగా ఆడిస్తోందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఖాలా కుక్కను తాకేది కాదు. తాకితే నమాజుకు ముందు మళ్ళీ కడుక్కోవాలి. "ముట్టకుండనే నేర్పుత, సూడు" అని దానికి అందనంత దూరంలో నిలబడి పని మొదలుపెట్టింది. టైగర్‌ను పెరట్లో జామచెట్టుకు కట్టాలి. మేమంతా వరండాలో దానికి వీపు తిప్పి నిలబడాలి. మొరిగినంతసేపు ఎవరూ చూడొద్దు, తిట్టొద్దు. ఆగిన వెంటనే తిరిగి, మెచ్చుకుని, తినడానికి పెట్టాలి.

"మొరిగినప్పుడు సూసుడు బంద్. గమ్మున ఉన్నప్పుడు తప్పక సూడాలె. గీ రెండోదే అందరు మరుస్తరు" అంది. "అంగన్‌వాడీల ఏడ్చేటోని ఫికర్ నాకు ఉండకపోయేది. వాడు ఏడున్నడో అందరికీ ఎరుకే. పొద్దుగాల పోంగనే ఏడువని పోరగాండ్లను ముందుగాల సూసేదాన్ని."

పిల్లలకు అది మంచి ఆట అయింది. మొరుగుడు ఆగీ ఆగకముందే చిన్నోడు గిర్రున తిరిగేవాడు. సిరి మాత్రం ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యం. నిదానస్తురాలు, నా పోలిక కాదు అనుకున్నాను. నాలుగో రోజు ఖాలా ఎందుకో సిరినే చూస్తూ, "ఇయ్యాల ఒక్కొక్కలు ఒక్కొక్క గోడకు నిలవడుండ్రి" అంది. టైగర్ మొరిగి మొరిగి ఆగింది. నేను తిరిగాను, చిన్నోడు తిరిగాడు. సిరి తిరగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, బుద్ధిగా గోడనే చూస్తోంది.

"సిరీ, అయిపోయింది రా" అని నవ్వాను. కదల్లేదు. చిన్నోడు కిలకిలా నవ్వాడు. ఖాలా నవ్వలేదు. "సిరమ్మా" అని పిలిచింది. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా పిలిచింది. చివరికి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల ఉలిక్కిపడి తిరిగి, కుక్కను కాదు, నా నోటిని చూసింది.

"ఆగిందా?" అని అడిగింది.

అక్కడే గడప మీద కూలబడ్డాను. "ఇన్ని దినాలు మిమ్మల్ని సూసి తిరుగుతున్నది బిడ్డా, ఇని కాదు" అని ఖాలా మెల్లగా అంటోంటే ఆ మాటలు నా చెవికి ఎక్కుతున్నాయి గానీ బుర్రకు ఎక్కడం లేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర ఉన్న నా బిడ్డకు వినబడటం లేదని కన్నతల్లిని నాకు తెలియలేదు! అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత నాలాంటి తల్లిని చూసే పుట్టి ఉంటుంది.

మర్నాడే కరీంనగర్ వెళ్ళాం. ఖాలా కూడా వచ్చింది. జలుబు చేసినప్పుడల్లా చెవుల్లో చీము పట్టి పొరలు పాడయ్యాయని, రెండు చెవుల వినికిడీ బాగా తగ్గిందని డాక్టర్ చెప్పాడు. ఒక చెవికి ఆపరేషన్, ఇంకోదానికి మెషీన్ అన్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఉన్నది కూడా పోయేదన్నాడు. తిరుగు బస్సులో సిరి ముఖం నా వైపు తిప్పుకుని అడిగాను, "నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పిన అవ్వా. గప్పుడు టైగర్ మొరుగుతుండె. జర ఆగు అన్నవు."

"మల్ల?"

"ఆగిన."

ముందు సీట్లో ఖాలా వెనక్కి తిరగలేదు. పైట చెంగుతో కళ్ళు తుడుచుకోవడం మాత్రం కనిపించింది.

ఖాలా పోయి రెండేళ్ళవుతోంది. సిరి ఇప్పుడు ఇంటి నుంచే వెళ్ళి మంచిర్యాలలో డిగ్రీ చదువుతోంది, తమ్ముడితో వాడంతా వినబడేలా కొట్లాడుతుంది. వాళ్ళు అరుచుకున్నంతసేపు నేను నా పని మానను. దాని గొంతు కాసేపు వినబడకపోతే మాత్రం చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి దాని గదికి వెళ్తాను. "ఏమైంది అవ్వా, నేనేమనలేదు గదా" అంటుంది తలెత్తి. అనలేదనే వచ్చానని చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.